బందరు ఎండలు, వానలు, తుపాన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

మచిలీపట్నానికి కొత్తగా బదిలీ మీద వచ్చినవాళ్ళు, ఇల్లు కట్టుకునేవాళ్ళు, పెళ్ళికి తేదీ చూసుకునేవాళ్ళు, చేలో పనలు ఆరేసుకునేవాళ్ళు ఎక్కువగా అడిగేవి ఇక్కడ ఒకచోట పెట్టాం. ఇచ్చిన ఉష్ణోగ్రతలు చాలా ఏళ్ళ సగటుకు దగ్గరగా ఉండేవి. ఏ ఒక్క ఏడాదీ సగటు చెప్పినట్టు నడవదు కాబట్టి ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ వేసుకోండి.

ఏ నెలలో ఎంత వేడి ఉంటుంది?

మొదటి అంకె పగటి గరిష్ఠం, రెండోది తెల్లవారుజాము కనిష్ఠం. అన్నీ సుమారుగా.

జనవరి: 29, 20
ఫిబ్రవరి: 31, 21
మార్చి: 33, 23
ఏప్రిల్: 35, 26
మే: 37–38, 28
జూన్: 36–37, 28
జులై: 33–34, 26
ఆగస్టు, సెప్టెంబరు: 32–33, 26
అక్టోబరు: 31–32, 25
నవంబరు: 30, 22
డిసెంబరు: 29, 20

ఈ పట్టికలో గరిష్ఠం కంటే కనిష్ఠాన్ని ఎక్కువ పట్టించుకోవాలి. మే, జూన్ రాత్రుల్లో కూడా 28 దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడి వేసవిలో మనిషిని నలిపేసేది మధ్యాహ్నపు ఎండకన్నా తెరిపి ఇవ్వని రాత్రే.

విజయవాడ 70 కిలోమీటర్లే కదా, మేలో అక్కడ మండిపోతుంటే ఇక్కడ తక్కువెందుకు?

సముద్రపు గాలి వల్ల. నేల తొందరగా వేడెక్కుతుంది, నీళ్ళు నెమ్మదిగా వేడెక్కుతాయి. పొద్దెక్కేకొద్దీ నేల మీది గాలి కాగి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది గాలి తోసుకొస్తుంది. మేలో బంగాళాఖాతం నీళ్ళు 30 డిగ్రీల చుట్టూ ఉంటాయి కాబట్టి ఆ గాలి చల్లగా ఏమీ ఉండదు. కానీ 40 దాటబోయే వేడిని మధ్యలో ఆపేస్తుంది. తీరానికి దగ్గరగా ఉన్న బందరుకు అది పొద్దున పదకొండు, పన్నెండుకల్లా అందుతుంది. విజయవాడ చేరేసరికి సాయంత్రం అవుతుంది, బలమూ తగ్గుతుంది. ఈలోగా అక్కడ కొండలూ కాంక్రీటూ కాగి ఉంటాయి.

చలికాలంలో ఇదే తిరగబడుతుంది. సముద్రం వేడిని దాచుకుంటుంది గనక ఇక్కడ జనవరి తెల్లవారుజామున కూడా 20కి అటూ ఇటూ ఉంటుంది. హైదరాబాదులో అదే సమయానికి 15 దగ్గరకు పడిపోతుంది.

నిన్న 37, ఇవాళ 43. ఒక్క రోజులో అంత తేడా ఎలా?

ఎండ మారలేదు, గాలి దిక్కు మారింది. మే నెలలో, జూన్ మొదటి పక్షంలో తెలంగాణ వైపు నుంచి కాగిన పొడిగాలి పడమటి నుంచి వీస్తుంది. అది బలంగా ఉన్న రోజు సముద్రపు గాలిని ఒడ్డు దాటి లోపలికి రానివ్వదు. సముద్రపు గాలి పదకొండుకే తిరిగితే ఆ రోజు 36, 37తో సరిపోతుంది. రెండు దాటినా తిరగకపోతే 42, 43 చూస్తాం. గాలి తిరిగిన కాసేపట్లోనే నాలుగైదు డిగ్రీలు పడిపోవడం కూడా మామూలే. అందుకే లోపలి ఊళ్ళలో మధ్యాహ్నం మూడింటికి వచ్చే గరిష్ఠం ఇక్కడ చాలా రోజుల్లో పన్నెండు, ఒంటిగంట లోపలే వచ్చేసి ఉంటుంది.

పొద్దున్నే పోల్చుకోవచ్చు. తొమ్మిది, పది మధ్య కొబ్బరి మట్టలు ఎటు వాలుతున్నాయో చూడండి. తూర్పుకు, అంటే సముద్రం వైపు వాలుతుంటే వీచేది పడమటి గాలి. పెదవులు ఎండిపోవడం, దండెం మీద తడిబట్ట అరగంటకే గలగలలాడటం, చెమట పట్టీ పట్టకముందే ఆరిపోవడం రెండో గుర్తు. ఈ రెండూ కలిస్తే బయటి పనులన్నీ పదింటిలోపు ముగించుకోవడం మంచిది. వాతావరణ సూచనలో ఉష్ణోగ్రతతోపాటు గాలి దిశ కూడా ఇస్తారు. బందరులో ఉండేవాళ్ళు ముందు చూడవలసింది దాన్నే.

36 డిగ్రీలకే ఇంత ఉక్కపోత ఏమిటి? కర్నూలులో 42కి కూడా ఇలా లేదే!

చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది, గాలిలో తేమ నిండుగా ఉంటే చెమట ఆరదు. దీన్ని కొలవడానికి తడి బల్బు ఉష్ణోగ్రత చూస్తారు. థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలి తగలనిస్తే అది ఎంతకు దిగుతుందో అదే తడి బల్బు అంకె. 42 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్నచోట అది 24 దగ్గర ఉంటుంది. 36 డిగ్రీలు, 65 శాతం తేమ ఉంటే 30 దాకా పోతుంది. ఒళ్ళు చల్లార్చుకునే వీలు మొదటిచోటే ఎక్కువ. ఒంటికి తెలిసే వేడిని లెక్కగట్టే పట్టికల ప్రకారం ఆ 42 సుమారు 43 లాగే తోస్తుంది, ఈ 36 మాత్రం 50 దాటినట్టు అనిపిస్తుంది.

కూలర్ కొనాలా, ఏసీ కొనాలా?

కూలర్ మీద డబ్బు పెట్టకండి. కూలర్ గాలిని తడి బల్బు అంకె వైపు దింపే యంత్రం, అంతే. మంచి గడ్డి ప్యాడ్లున్న కూలర్ పొడి వేడికీ తడి బల్బుకూ మధ్య తేడాలో 80 శాతం దాకా దించగలదు. పై లెక్కే తీసుకుంటే 42 డిగ్రీల పొడిగాలి 27, 28కి దిగుతుంది. 36 డిగ్రీల తడిగాలి 31 దగ్గరే ఆగిపోతుంది, పైగా గది అంతా నీటి ఆవిరితో నిండి ఫ్యాను కింద కూర్చున్నా చెమట ఆరదు. పడమటి గాలి రోజుల్లో మాత్రం ఇక్కడ కూడా కూలర్ బాగానే పనిచేస్తుంది, కానీ ఆ కాసిని రోజుల కోసం కొనడం దండగ. ఉన్న కూలర్ వాడుకోవాలంటే ఒక కిటికీ పూర్తిగా తెరిచి ఉంచి, కూలర్‌ను మరో కిటికీ బయట పెట్టండి. తలుపులు మూసుకుని వాడితే తేమ పోగుపడుతుంది.

ఏసీ గాలిలోని నీటిని కూడా లాగేస్తుంది కాబట్టి 26, 27 దగ్గర పెట్టి ఫ్యాను ఒకటో రెండో నంబరు మీద తిప్పుకుంటే చాలు. వానాకాలంలో వేడి లేకుండా జిడ్డుగా ఉన్న రోజుల్లో డ్రై మోడ్ వాడండి.

వడగాలుల హెచ్చరికకు కోస్తాలో వేరే లెక్క ఉందా?

ఉంది. మైదాన ప్రాంతాల్లో గరిష్ఠం కనీసం 40 ఉండాలి. తీర ప్రాంతాల్లో 37 చాలు, కాకపోతే ఆ రోజుకు ఉండాల్సిన సాధారణం కంటే 4.5 డిగ్రీలో అంతకు మించో ఎక్కువ ఉండాలి. మేలో బందరు సాధారణం 37–38 గనక ఇక్కడ వడగాలి అంటే దాదాపు 42 దాటాలి. 40 నమోదైన రోజు వార్తల్లో వడగాలి అన్న మాట లేదని ఎండలో తిరగకూడదు. 2015 మే వడగాలులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు.

వడదెబ్బ తగిలితే ఏం చేయాలి?

మాట తడబడటం, మనిషిని గుర్తుపట్టకపోవడం, ఒళ్ళు కాలిపోతుండటం, ఫిట్స్, స్పృహ తప్పడం: వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేలోపు నీడలోకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటిమీద నీళ్ళు పోస్తూ ఫ్యాను గాలి తగలనివ్వాలి. గాలి ఆడకుండా తడి దుప్పటి కప్పి వదిలేయడం ఇక్కడ బొత్తిగా పనికిరాదు. తేమ ఎక్కువగా ఉన్న రోజు ఆ నీళ్ళు ఆరవు, దుప్పటి కింద ఒళ్ళు ఇంకా ఉడుకుతుంది. ఐసు ఉంటే గుడ్డలో చుట్టి మెడ పక్కన, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకూడదు.

నీరసం, కండరాలు పట్టేయడం మాత్రమే ఉంటే ఓఆర్ఎస్ పొట్లాన్ని ఒక లీటరు నీళ్ళలో కలిపి కొద్దికొద్దిగా తాగించండి. పొట్లం దొరక్కపోతే లీటరు నీళ్ళకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే మేలు బదులు కీడు జరుగుతుంది.

రోహిణి కార్తె వెళ్ళిపోతే చల్లబడుతుందా?

రోళ్ళు పగిలే రోహిణి మే 25 నుంచి జూన్ 7 దాకా. మృగశిర పెడితే చల్లబడాలని లెక్క, రుతుపవనాలు వేళకు వస్తే అలాగే జరుగుతుంది కూడా. రాకపోతే మృగశిరలోనూ రోహిణే నడుస్తుంది. 2023లో రుతుపవనాలు ఆలస్యమై జూన్ మూడో వారం దాకా కోస్తాలో వడగాలులు వీచాయి. జూన్ ఎండకు ఇంకో చెడ్డ గుణం ఉంది: గాలిలో తేమ అప్పటికే పెరిగి ఉంటుంది, వాన మాత్రం రాదు.

సూర్యుడు బందరుకు నడినెత్తిన వచ్చేది మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి పక్షంలో మరోసారి. ఆగస్టులో ఆ సంగతే తెలియదు, అప్పుడు మబ్బు ఉంటుంది.

వాన ఎప్పుడు, ఎంత?

ఏడాదికి సుమారు 1,000 నుంచి 1,100 మిల్లీమీటర్లు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్యం. రెండు రుతుపవనాలూ తడిపే ఊరు ఇది. నైరుతి వానలు ఎక్కువగా సాయంత్రమో రాత్రో ఉరుముతో వచ్చి గంటా రెండు గంటల్లో వెలిసిపోతాయి. అక్టోబరు ధోరణి వేరు. అల్పపీడనం పడితే రెండు మూడు రోజులు విడవకుండా ముసురు పడుతుంది, నెల మొత్తం వాన నాలుగైదు రోజుల్లోనే కురిసిపోవచ్చు. జనవరి నుంచి మార్చి దాకా దాదాపు ఏమీ ఉండదు.

ఏప్రిల్, మే సాయంత్రాలు వచ్చే గాలివానలు కొలతకు చిన్నవే, చేసే నష్టం పెద్దది. మామిడి రాలిపోతుంది, తాడిచెట్ల మీద పిడుగులు పడతాయి. ఉరుము వినబడిందంటే పిడుగు పడగల దూరంలో ఉన్నట్టే. చేలో ఉన్నవాళ్ళు చెట్టు కిందికి వెళ్ళకుండా పక్కా కప్పు కిందికి చేరాలి. ఆఖరి ఉరుము విన్నాక అరగంట ఆగి బయటికి రావాలి.

భారీ వర్షం, అతి భారీ వర్షం అంటే ఎంత?

ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 వరకు ఒక రోజుగా కొలుస్తారు. 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ, ఆపైన అత్యంత భారీ. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. 100 చదరపు మీటర్ల డాబా మీద 100 మిల్లీమీటర్లు కురిస్తే 10,000 లీటర్లు గొట్టంలోంచి దిగాలి. ఆ గొట్టం మూతికి ఎండాకులు అడ్డుపడి ఉంటే ఆ నీళ్ళన్నీ శ్లాబు మీదే నిలుస్తాయి. మే ఆఖరున ఒకసారి, సెప్టెంబరు ఆఖరున ఒకసారి దాన్ని శుభ్రం చేయించండి.

ఇంట్లో కొలుచుకోవాలంటే అడుగూ మూతీ ఒకే వెడల్పున్న డబ్బా కావాలి. బకెట్టు పనికిరాదు, మూతి వెడల్పుగా ఉంటుంది కాబట్టి ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. డబ్బాను గోడకు, చెట్టుకు దూరంగా పెట్టి పొద్దున 8.30కి స్కేలు ముంచి చూడండి.

తుపాన్లు ఏ నెలల్లో వస్తాయి? నడివానాకాలంలో ఎందుకు రావు?

ఏప్రిల్ నుంచి జూన్ మొదలు దాకా ఒక కాలం, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా రెండోది. మనకు ఎక్కువ భయం రెండోదానితోనే. తుపాను పుట్టాలంటే సముద్రం పైనీళ్ళు కనీసం 26.5 డిగ్రీలుండాలి, కిందిగాలికీ పైగాలికీ వేగంలో పెద్ద తేడా ఉండకూడదు. జులై, ఆగస్టుల్లో మొదటిది ఉంటుంది, రెండోది ఉండదు. కింద నైరుతి గాలి, చాలా ఎత్తున తూర్పు గాలి ఎదురెదురుగా వీచి సుడిని నిలదొక్కుకోనివ్వవు. అందుకని ఆ నెలల్లో వాయుగుండాలతోనే సరిపోతుంది.

అల్పపీడనం, వాయుగుండం, తుపాను: దేని తర్వాత ఏది?

గాలి వేగాన్ని బట్టి పేరు మారుతుంది. గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లయితే వాయుగుండం, అంతకు తక్కువైతే అల్పపీడనం. 50–61 తీవ్ర వాయుగుండం. 62 చేరితే తుపాను, పేరు పెట్టేది అప్పుడే. 89 నుంచి తీవ్ర తుపాను, 118 నుంచి అతి తీవ్ర తుపాను, 166 దాటితే అత్యంత తీవ్ర తుపాను. 221, ఆపైన సూపర్ సైక్లోన్. ఈ పేర్లు గాలికి సంబంధించినవే. వానకు వీటితో నేరుగా లెక్క కుదరదు: నెమ్మదిగా కదిలే వాయుగుండం వేగంగా దాటిపోయే తుపాను కంటే ఎక్కువ నీళ్ళు కుమ్మరించవచ్చు.

రేవులో మూడో నంబరు, పదో నంబరు సూచిక ఎగరేశారంటే?

1, 2: దూరాన సముద్రంలో వాయుగుండమో తుపానో ఉంది. 3, 4: రేవుకు ఈదురుగాలుల ముప్పు ఉంది, పడవలు బయటికి పోకూడదు. 5, 6, 7 ప్రమాదం, 8, 9, 10 పెను ప్రమాదం. ఈ రెండు గుంపుల్లోనూ అంకెకూ అంకెకూ తేడా తీవ్రతది కాదు, తుపాను రేవుకు ఏ పక్కగా దాటుతుందన్నది. 7, 10 అంటే రేవు మీదుగానో, అతి దగ్గరగానో దాటబోతోందని. 11 వేశారంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, అక్కడి అధికారి పరిస్థితి ప్రమాదకరమని భావిస్తున్నాడు. ఐదు కంటే ఆరు ఎక్కువ ప్రమాదం అనుకోవడం ఊళ్ళో చాలామంది చేసే పొరపాటు.

తుపాను మనకు ఉత్తరాన దాటితే ఏమవుతుంది, దక్షిణాన దాటితే ఏమవుతుంది?

బందరుకు ఇంతకన్నా ముఖ్యమైన ప్రశ్న లేదు. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. తూర్పు నుంచి వచ్చి తీరం దాటే తుపానుకు కుడిపక్క అంటే ఉత్తరం. ఆ పక్కన గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది, తుపాను నడక వేగం కూడా దానికి తోడవుతుంది. నీళ్ళను ఒడ్డుకు ఎగదోసేది ఆ గాలే. ఎడమపక్కన, అంటే దక్షిణాన గాలి నేల నుంచి సముద్రంలోకి పోతుంది, అక్కడ ఉప్పెన భయం తక్కువ.

కాబట్టి బాపట్ల, నిజాంపట్నం వైపు దాటే తుపాను బందరుకు కుడిపక్క దెబ్బ. కోనసీమ, కాకినాడ వైపు దాటేది అంత కాదు. 1977 నవంబరు 19న వచ్చిన తుపాను చీరాల, బాపట్ల వైపు తీరం దాటింది. ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయింది మాత్రం దానికి కుడివైపున్న దివిసీమలో. సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన వచ్చి, పది వేల మందికి పైగా చనిపోయారు. 2018 డిసెంబరు 17న పెథాయ్ కాట్రేనికోన దగ్గర దాటినప్పుడు మనవైపు వచ్చింది ముసురు, నేలమీది చలిగాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర దాటింది, గాలికీ వానకూ కృష్ణా జిల్లా వరి నేలకొరిగింది.

ఉప్పెన ఎత్తును నిర్ణయించేవి ఇంకా రెండున్నాయి. మొదటిది సముద్రం లోతు: కృష్ణ ముఖద్వారం చుట్టూ సముద్రం చాలా దూరం లోతు లేకుండా ఉంటుంది, గాలి తోసిన నీళ్ళు కిందికి తప్పుకునే దారిలేక పైకే లేస్తాయి. రెండోది పోటు: అమావాస్యకో పున్నమికో పోటు సమయానికే తుపాను దాటితే ఆ ఎత్తు ఈ ఎత్తుకు కలుస్తుంది. 1864 నవంబరు 1 రాత్రి బందరు మీదికి వచ్చిన ఉప్పెనలో సుమారు 30 వేల మంది పోయారు. 1990 మే 9న మళ్ళీ ఇక్కడికి దగ్గర్లోనే భీకరమైన తుపాను దాటింది. ముందే లక్షకు పైగా జనాన్ని తరలించారు, చావులు వెయ్యికి లోపే ఆగాయి.

హెచ్చరిక వచ్చాక ఎంత సమయం ఉంటుంది? ఏం చేయాలి?

గడ్డు వాతావరణం మొదలవడానికి కనీసం 48 గంటల ముందు మొదటి హెచ్చరిక, 24 గంటల ముందు రెండోది వస్తుంది. రెండోదానిలో ఎక్కడ దాటవచ్చో చెబుతారు. మొదటిది వినగానే డాబా మీది రేకులు, కుండీలు, డిష్ యాంటెన్నా కట్టేయడమో దించేయడమో చేయండి. ట్యాంకు నిండా నీళ్ళు పట్టుకోండి. కరెంటు మూడు నాలుగు రోజులు లేకపోవచ్చు, మోటారు నడవదు. ఫోన్లు, టార్చీలు చార్జింగు పెట్టుకోండి, రోజువారీ మందులు వారానికి సరిపడా తెచ్చుకోండి. పెంకుటింట్లో, పూరింట్లో, తీరపు ఊళ్ళలో ఉన్నవాళ్ళు ఖాళీ చేయమని చెప్పినప్పుడే కదలాలి, వాన మొదలయ్యాక దారులు మునిగిపోతాయి. విపత్తు సహాయానికి 1070, 112.

నడిమధ్యన గాలి ఒక్కసారిగా ఆగిపోయిందంటే తుపాను కన్ను ఊరి మీద ఉన్నట్టు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి అంతే బలంతో కొడుతుంది. అయిపోయిందనుకుని అప్పుడు బయటికొచ్చినవాళ్ళే దెబ్బలు తింటారు.

కోసిన వరి తడిసిపోయింది. ఏం చేయాలి?

నీళ్ళు ముందు బయటికి తీయాలి. తర్వాత లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పనల మీద బాగా తడిసేలా పిచికారీ చేస్తే గింజ మొలకెత్తకుండా ఆగుతుంది. ఎకరానికి 200 లీటర్లు కొట్టాలంటే 10 కిలోల ఉప్పు కావాలి, కల్లుప్పు సరిపోతుంది. కాస్త ఎండ రాగానే పనలు తిరగేయండి. తడి మీద కుప్ప వేస్తే లోపల వేడెక్కి గింజ రంగు మారుతుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు, డిసెంబరు మంచులో బరకం కప్పకుండా రాత్రంతా వదిలేసిన రాశి ఆ అంకె దాటిపోతుంది.

నవంబరు, డిసెంబరుల్లో అల్పపీడనం కబురు వింటే కోత నాలుగు రోజులు ఆపడం మేలు. నిలబడి ఉన్న పైరు తడిసినా ఆరుతుంది, నేల మీది పన ఆరదు.

వడియాలు ఎప్పుడు పెట్టుకోవాలి? ఉప్పు జాడీలో నీళ్ళెందుకు ఊరుతాయి?

గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని కరగడం మొదలెడుతుంది. బందరులో తెల్లవారుజామున ఆ అంకె దాటని రోజులు తక్కువ. కల్లుప్పులో ఉండే మెగ్నీషియం లవణాలు ఇంకా తొందరగా చెమర్చుతాయి. జాడీ మూత బిగుతుగా ఉండాలి, అంతకు మించి మంత్రం లేదు.

వడియాలకు, అప్పడాలకు మార్చి, ఏప్రిల్ మంచివి. ఎనిమిదింటికి ఎండలో పెట్టి, సముద్రపు గాలి జిడ్డుగా మారకముందే, మూడింటికల్లా లోపలికి తీయండి. సాయంత్రం దాకా వదిలేస్తే పొద్దున ఆరింది కాస్తా మెత్తబడుతుంది. ఆవకాయకు కారం, ఆవపిండి, ఉప్పు, జాడీ అన్నిటినీ పడమటి గాలి ఉన్న రోజు ఎండబెట్టుకుంటే ఏడాదంతా దిగులుండదు.

ఇనుము ఇంత త్వరగా ఎందుకు తుప్పు పడుతోంది? కొత్త ఇంటికి ఏం జాగ్రత్త?

గాలిలో వచ్చే ఉప్పు తుంపర ఇనుము మీద పేరుకుని తేమను పట్టి ఉంచుతుంది. ఏసీ బయటి యూనిట్‌ను తూర్పు, ఆగ్నేయ గోడలకు తగిలించకుండా పడమటి పక్కన నీడలో పెట్టండి. నెలకోసారి మెయిన్ ఆపేసి మంచినీళ్ళతో మెల్లగా కడగండి. ఊళ్ళో చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, వాటితో కడగడం ఉప్పుకు ఉప్పు చేర్చడమే.

కాంక్రీటు కలపడానికి, తడపడానికి కూడా ఆ బోరు నీళ్ళు వద్దు. తీరపు గాలి నేరుగా తగిలే ఇంటికి కమ్మీల మీద కాంక్రీటు కవరు 45 మిల్లీమీటర్లు ఉండాలని, కాంక్రీటు బలం ఎం30 గ్రేడుకు తగ్గకూడదని మన భారతీయ ప్రమాణాలు చెబుతాయి. మేస్త్రీలు అలవాటు కొద్దీ 20, 25 మిల్లీమీటర్ల దిమ్మెలే పెడతారు. పోతకు ముందు స్కేలు పట్టుకుని మీరే చూసుకోండి. శ్లాబు పదేళ్ళకే పెచ్చులూడుతోందంటే చాలాసార్లు కారణం అదే.

రంగులకు జనవరి నుంచి మార్చి. అక్టోబరులో వేయిస్తే పొంగి ఊడుతుంది.

స్వెటర్ అవసరమా?

తెల్లవారుజామున బండి మీద వెళ్ళేవాళ్ళకు డిసెంబరు, జనవరిలో ఒకటి చాలు. చలి కంటే పొగమంచు పట్టించుకోవాలి. గాలి ఆడని, మబ్బులేని రాత్రుల్లో పామర్రు, గూడూరు మధ్య వరిచేల మీద, చెరువుల మీద మంచు దట్టంగా దిగుతుంది, ఎనిమిది, తొమ్మిదింటికి గానీ విడవదు. విజయవాడలో పొద్దున రైలు అందుకోవాలంటే ఆ రోజుల్లో గంట ముందు బయల్దేరండి.

ఫోన్‌లో 35 చూపిస్తోంది, వార్తల్లో 40 అన్నారు. ఏది నిజం?

వాతావరణ కేంద్రం అంకె నిజం. నేల నుంచి సుమారు నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడే తెల్లని చెక్కపెట్టెలో, నీడలో కొలుస్తారు. ఫోన్ యాప్‌లు చాలావాటికి ఇక్కడి కొలత తెలియదు, కొన్ని కిలోమీటర్ల గడికి ఒక లెక్క చొప్పున కంప్యూటరు కట్టిన అంచనా చూపిస్తాయి. తీరంలో ఆ గడిలో సగం సముద్రం పడుతుంది, అంకె తగ్గిపోతుంది. పడమటి గాలి రోజు తేడా ఇంకా ఎక్కువ. భారత వాతావరణ శాఖ వాళ్ళ మౌసమ్ యాప్, పిడుగులకు దామిని యాప్ పెట్టుకుంటే చాలు.

మంగినపూడి బీచ్‌కు ఎప్పుడు వెళ్ళాలి?

డిసెంబరు రెండో పక్షం నుంచి ఫిబ్రవరి దాకా ఎప్పుడైనా. మేలో అయితే ఐదున్నరకు సూర్యోదయం, ఎనిమిదికల్లా వెనక్కి వచ్చేయండి. కార్తీక పున్నమికి, మాఘ పున్నమికి స్నానాలకు వేలల్లో జనం వస్తారు, అవి పోటు ఎక్కువ ఉండే రోజులు కూడా. చాలా దూరం మోకాలి లోతే ఉందని ధైర్యంగా లోపలికి పోయినవాళ్ళకు తిరిగొచ్చే దూరం కూడా అంతే ఉంటుంది, నీళ్ళు లాగే వేళకు అది చాలా ఎక్కువ. సముద్రంలో అల్పపీడనం ఉందంటే ఆకాశం నిర్మలంగా ఉన్నా దిగకండి.

ఎల్‌నినో ఏడాది అంటే మనకు కరువేనా?

ఎల్‌నినో అంటే పసిఫిక్ మహాసముద్రం నడిమి నీళ్ళు మామూలు కంటే వేడెక్కడం. ఆ ఏడాది నైరుతి తగ్గే అవకాశం ఎక్కువ, ఈశాన్యం మాత్రం చాలా ఎల్‌నినో ఏళ్ళలో బాగానే పడుతుంది. బందరు కాలవకు నీళ్ళు వచ్చేది ఎగువ వానలను బట్టి, కాబట్టి ఊళ్ళో వాన పడినా చేలకు నీళ్ళు ఆలస్యం కావచ్చు. వేసవిలో కాలవలు కట్టేసేలోపు మంచినీటి చెరువులు నింపారో లేదో అలాంటి ఏడాది ముందే కనుక్కోవాలి.

మేలో పెళ్ళి పెట్టుకున్నాం. ఏమైనా చేయగలమా?

రాత్రి ముహూర్తమైతే ఇబ్బంది సగం తగ్గుతుంది. షామియానాకు తూర్పు, దక్షిణం పక్కల గుడ్డ కట్టనివ్వకండి, సాయంత్రం గాలి వచ్చేది అటునుంచే. అందం కోసం నాలుగు పక్కలా మూసేస్తే ఎన్ని ఫ్యాన్లు పెట్టినా ఉక్కే తిరుగుతుంది. నీటి తుంపర చల్లే ఫ్యాన్లు అద్దెకిస్తామంటారు, తీసుకోకండి, కూలర్ గొడవే వాటిదీ. మామూలు పెద్ద ఫ్యాన్లు ఎక్కువ పెట్టించండి. పొద్దున వండిన పులుసు, పెరుగన్నం సాయంత్రానికి పులిసిపోతాయి, రెండు పూటల వంట రెండుసార్లు చేయించండి. గాలివాన కాలం కూడా అదే గనక షామియానా గుంజలకు పక్క తాళ్ళు కట్టించి, జనరేటరు పైన రేకు వేయించుకోండి.